డబ్బా మీద బొమ్మ

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. ఆవిడ ఎవరో తెలియదు గాని నాకు దగ్గర చుట్టమే అయి ఉండాలి. మా అత్త నన్నెప్పుడూ కొట్టలేదు. తిట్టడం కూడా పని ఉంటేనే తిట్టేది. మా తోటికోడలు మాత్రం నవ్వేది. నన్ను చూసి కాదు, వెక్కిరించి కాదు. పొయ్యి ముట్టించేటప్పుడు నవ్వేది, బట్టలు పిండేటప్పుడు నవ్వేది, పిల్లాడు ఒళ్లో పాడు చేసినా నవ్వేది. నాకు అదే పడేది కాదు.

దాన్ని ఇంట్లో చిన్నది అనేవాళ్లం. నేను పెద్దదాన్ని. అన్నదమ్ములిద్దరూ రైలు పట్టాలు వేసే పనిమీద నెలల తరబడి ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త, ఇద్దరు చంటిపిల్లలు. నా కూతురూ దాని కొడుకూ ఇంచుమించు ఒకే నెలలో పుట్టారు. నా కూతుర్ని చూడగానే మా అత్త పిచ్చుక అంది. దాని కొడుకును చూసి గుమ్మడి అంది. పేర్లు పెట్టడంలో ఆవిడకు మొహమాటం లేదు.

నేను పిండి కార్ఖానాలో పని చేసేదాన్ని. పురుడు పోసుకున్న కొన్నాళ్లకే తిరిగి పనిలోకి వెళ్లాను, వెళ్లిన కొన్నాళ్లకే పాలు ఎండిపోయాయి. చిన్నది ఇంటి పట్టునే ఉండేది. దాని బట్టలు ఎప్పుడు చూసినా పాలతో తడిసి ఉండేవి. దేవుడు ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం పెడతాడనడానికి మా ఇల్లు చూస్తే చాలు.

ఆ వానాకాలం సంగతి చెబుతాను. దొరలు ఓడలెక్కి వెళ్లిపోయి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. దేశం మన చేతికొచ్చింది, ఇక పిల్లల్ని పెంచుకోవాలి అని రాజధానిలో పెద్దవాళ్లు కూర్చుని ఆలోచించారు. అందరికీ పాలు పోయడానికి పశువులు లేవు. మాంసం కొనే తాహతు లేదు. నూనె తీసేశాక మిగిలే వేరుశనగ చెక్క మాత్రం గుట్టలుగా పడి ఉంది. దాన్ని శుభ్రం చేసి, వేయించి, మెత్తగా పొడి కొట్టి, ధాన్యం పిండీ పాలపొడీ కలిపి డబ్బాల్లో పెడితే దేశంలో బక్కపిల్ల అనేది కనపడదని లెక్క తేల్చారు. మా వీధి చివర పటాలం వాళ్లు వదిలేసి పోయిన గిడ్డంగిలో కార్ఖానా పెట్టారు. నేను డబ్బాల గదిలో ఉండేదాన్ని. పిండి నింపడం, తూచడం, మూత నొక్కడం, గుడ్డతో తుడిచి పేర్చడం నా పని.

"పశువులకు వేసే చెక్క పిల్లలకు పెడతారా?" అంది మా అత్త మొదట్లో. "పశువులకు పెడితే పాలిస్తాయి. పిల్లలేమిస్తారు?"

"బతికి చూపిస్తారత్తయ్యా," అన్నాను. కార్ఖానాలో పని చేస్తున్నాను కదా, కార్ఖానా మాటలే వచ్చేవి నాకు.

దేశమంతా పంచే ముందు మా ఊళ్లోనే పరీక్ష చేసి చూడాలన్నారు. అందుకు ఒక డాక్టరమ్మ వచ్చింది. మనిషి సన్నగా, మాట మెత్తగా ఉండేది, నిలబడి టీ తాగేది. డబ్బాలు రెండు రకాలు చేశారు. ఒకదానికి ఎర్ర పట్టీ, ఒకదానికి నీలం పట్టీ. ఒక రంగు డబ్బాలో అసలు పిండి ఉంటుంది, రెండో రంగులో ఉత్త ధాన్యం పిండి. రంగూ వాసనా ఒకేలా ఉండేటట్టు కలిపేవాళ్లు. పట్టీలు అంటించేది పక్క గదిలో, తాళం వేసుకుని. ఏ రంగుదేమిటో రాసిన కాగితం రాజధానిలో సీలు వేసి ఉందట. చేతులారా నింపిన నాకూ తెలియదు, తూకాలు వేసే డాక్టరమ్మకూ తెలియదు. వానలు వెలిసేనాటికి ఏ రంగు పిల్లలు ఒళ్లు చేస్తే ఆ రంగు గెలిచినట్టు.

పిల్లలకు చీటీలు తీశారు. నా పిచ్చుకకు నీలం వచ్చింది. గుమ్మడికి ఎరుపు వచ్చింది.

"ఒకే ఇంట్లో పిల్లలకు వేరువేరు రంగులేమిటండీ?" అన్నాను.

"ప్రతి బిడ్డా వేరే మనిషేనమ్మా," అంది డాక్టరమ్మ. "చీటీలో ఏదొస్తే అదే. నా సొంత బిడ్డయినా అంతే."

తరవాత నన్ను పక్కకు పిలిచింది. పిచ్చుక మోచెయ్యి పైన తన వేళ్లు చుట్టి చూసుకుంది. వేళ్లు ఒకదాని మీదకొకటి ఎక్కాయి. "ఈ పాప మరీ తేలిగ్గా ఉంది. వానల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఈ బరువుతో అది వస్తే తట్టుకోలేదు. ఈ నాలుగు నెలలూ జాగ్రత్తగా గట్టెక్కించు," అంది. మెత్తటి గొంతుతోనే అంది.

వానలు మొదలయ్యాయి. ఇంటికి వెళ్లి మా అత్తకు కార్ఖానా శాస్త్రం చెప్పాను. "ఈ పిండికి తేమ తగిలితే చేదెక్కుతుందత్తయ్యా. మా డబ్బాకు ఒకసారి మూత తీశాక మళ్లీ గట్టిగా పట్టదు. గట్టి మూతున్నదాంట్లో పోసిపెట్టండి."

"సరేలేవే, కార్ఖానా కట్టించింది నువ్వే అయినట్టు చెబుతున్నావు," అంది.

వారం వారం తూకం. కార్ఖానా వరండాలో దూలానికి కొక్కెం, కొక్కేనికి ముల్లు తిరిగే తూకం, దాని కింద గుడ్డ ఉయ్యాల. గుమ్మడిని ఉయ్యాలలో వేస్తే కొక్కెం కిర్రుమనేది, ముల్లు గిర్రున తిరిగేది. క్యూలో ఉన్న ఆడవాళ్లందరూ తలెత్తి చూసేవాళ్లు. చిన్నది నవ్వేది. తరవాత నా పిచ్చుకను వేస్తే ముల్లు కదలాలా వద్దా అని ఆలోచించేది. డాక్టరమ్మ ముల్లు కేసి వంగి చూసి, "పరవాలేదు, తగ్గలేదు," అనేది. తగ్గకపోవడమే మాకు ఘనం.

"అక్కా, మనది కూడా పెరుగుతుందిలే," అనేది చిన్నది దారిలో. మనది అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. నాది నాదే, దానిది దానిదే. ప్రతి బిడ్డా వేరే మనిషేనని డాక్టరమ్మే చెప్పింది కదా.

నీలం డబ్బా ఉత్తదని నాకు రూఢి అయిపోయింది. చిన్నదానికి అన్నీ ఉన్నాయి. పాలు ఉన్నాయి, నవ్వు ఉంది, అత్త ముద్దు ఉంది, మగపిల్లాడు, వాడికి బుగ్గలు. చివరికి చీటీలో అసలు పిండి కూడా దానికే పడింది. ఉన్నవాళ్లకే ఇంకా పెట్టాలని రాజధానిలో కూడా అనుకున్నారా అని డబ్బాలు నింపుతూ పళ్లు నూరుకునేదాన్ని. పక్కనున్న మనిషి, "ఏమిటే, పిండి మీద అంత కోపం?" అని అడిగింది కూడా. సాయంత్రం ఇంటికొస్తే గుమ్మడిగాడు నన్ను చూసి చేతులు చాపేవాడు. వాడికి పాపం పుణ్యం తెలియదు. ఎత్తుకునేదాన్ని. ఎత్తుకున్నప్పుడల్లా చేతులతోనే తూచేదాన్ని, తూచి ఏడ్చుకునేదాన్ని.

ఇక ఆగలేక ఒక పొద్దున, మా అత్త నీళ్లకు వెళ్లినప్పుడు వంటగదిలో దూరాను. రెండు డబ్బాల్లో పిండి మార్చేద్దామని. ఎరుపులోది నీలంలోకి, నీలంలోది ఎరుపులోకి. గుమ్మడి ఒక నెల ఉత్త పిండి తింటే వాడికేం తరుగుతుంది? ఎర్ర పట్టీ డబ్బా మూత తీశాను. అందులో ఉప్పుంది. నీలం పట్టీ డబ్బా మూత తీశాను. అందులో అరిగిపోయిన సబ్బు ముక్కలున్నాయి.

మా అత్త బిందె దించి గుమ్మంలో నిలబడింది. "ఏం కావాలే?"

"పిండేదత్తయ్యా?"

"నువ్వే కదా గట్టి మూతున్నదాంట్లో పొయ్యమన్నావు," అని మూలనున్న పెద్ద డబ్బా చూపించింది. రైలు పనివాళ్లు సామాన్లు పెట్టుకునే రేకు డబ్బా. మూత తీస్తే లోపల పిండి సగానికి ఉంది.

"ఇది ఏ రంగుది?"

"రెండూను."

"రెండూ కలిపేశారా?"

"మరి? గట్టి మూతున్నది ఇంట్లో ఒక్కటే ఉంది."

"ఎప్పటి నుంచి?"

"మొదటి వారం నుంచీ. ఒకరికి ఎర్ర జావ, ఒకరికి నీలం జావ అని రెండు గిన్నెలు పొయ్యెక్కించడానికి నేనేమన్నా ఆసుపత్రి నడుపుతున్నానా? ఇద్దరూ నా మనవలే. ఒక గిన్నె, ఒక గరిట. చెరి సగం."

నేను అక్కడే చతికిలబడ్డాను. రాజధానిలో సీలు, పక్క గదికి తాళం, చీటీలు, తూకాలు, అన్నీ మా అత్త గరిట కిందికొచ్చి ఒకటైపోయాయి. "డాక్టరమ్మకు తెలిస్తే ఇద్దరికీ డబ్బాలు ఆపేస్తారత్తయ్యా," అన్నాను.

"అయితే నోరు మూసుకో," అంది. మూసుకున్నాను. పరీక్ష పాడైతే దేశానికి నష్టమేమో గాని, డబ్బా ఆగితే నా పిచ్చుకకు నష్టం.

కానీ నోరు మూసుకున్నంత తేలిగ్గా కడుపుమంట మూసుకోలేం. అంతకు ముందు తిట్టుకోవడానికి ఒక డబ్బా ఉండేది. ఇప్పుడది పోయింది. ఒకే గిన్నెలోంచి ఒకే జావ తాగి వాడు గుమ్మడైతే ఇది పిచ్చుకగానే ఉండిపోయింది. అంటే తేడా ఎక్కడుంది? వాడి తల్లి దగ్గర ఉంది, నా దగ్గర లేదు. అర్థమయ్యాక చిన్నది నవ్వుతుంటే అక్కడ నిలబడటం కూడా కష్టమైపోయింది. అది పాలిస్తూ కూనిరాగం తీస్తుంటే లేచి బయట వానలోకి వెళ్లేదాన్ని. "తడుస్తావక్కా," అనేది లోపల్నించి. కోపం తెచ్చుకోని మనిషితో పోట్లాట పెట్టుకోవడమంత చాకిరీ ఇంకోటి లేదు.

ఊళ్లో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. తూకం క్యూలో ఇద్దరు ముగ్గురు తల్లులు కనపడటం మానేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను పొద్దున పనికి వెళ్లేటప్పుడు పిచ్చుక ఒళ్లు చూసి వెళ్లేదాన్ని, రాగానే చేతులు కడుక్కోకుండానే చూసేదాన్ని. సాయంత్రాలు నేనే చెంచాతో జావ పట్టేదాన్ని, ఇంకెవర్నీ ముట్టనిచ్చేదాన్ని కాదు. పిచ్చుక తినకుండా మొహం తిప్పేసుకునేది. అలసిపోయిందనుకునేదాన్ని.

అయినా ముల్లు కదిలింది. ఒక వారం కొంచెం కదిలింది, తరవాతి వారం బాగా కదిలింది. ఆ పై వారం డాక్టరమ్మ తూకం పాడైందేమోనని కొక్కెం పట్టుకుని లాగి చూసింది. "ఏం చేస్తున్నావమ్మా?" అంది నా భుజం మీద చెయ్యి వేసి. "చెంచాతో నేనే పడుతున్నానండీ," అన్నాను. తలెత్తి క్యూలో అందరి వంకా చూశాను. చిన్నది నవ్వింది. ఆ ఒక్కరోజు నాకు ఆ నవ్వు బాగానే ఉన్నట్టనిపించింది. నా చెయ్యి మంచిదని పొంగిపోయాను.

ఒకరోజు కార్ఖానాలో వేయించే యంత్రం బెల్టు తెగింది. మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. వాన కురుస్తోంది, మా ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లాను.

చిన్నది గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. గుమ్మడి పక్కన చాప మీద బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. దాని ఒళ్లో నా కూతురు పాలు తాగుతోంది. మా అత్త ఎదురుగా కూర్చుని ధాన్యం ఏరుతోంది. నన్ను చూసి చేతులాపింది. పిచ్చుక అడుగుల చప్పుడుకు తల తిప్పింది. నన్ను చూసింది, గుర్తుపట్టి నవ్వింది. నవ్వి మళ్లీ అటు తిరిగి తాగడం మొదలుపెట్టింది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"విరేచనాలు మొదలైనప్పటి నుంచక్కా," అంది చిన్నది. మొదటిసారి అది నవ్వకుండా ఉండటం చూశాను. "నువ్వెళ్లగానే ఒకటే ఏడుపు. జావ మింగదు. నాకేమో ఊరికే కారిపోతున్నాయి. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆపెయ్యమంటావని."

ఆపెయ్యమనేదాన్నే. అందులో అబద్ధం లేదు. పిల్ల ప్రాణం మీద పెట్టుకునైనా ఆపెయ్యమనేదాన్నేమో. తడి కాళ్లతో గుమ్మంలోనే నిలబడ్డాను. లాక్కుందామనిపించింది, దాని జుట్టు పట్టుకుందామనిపించింది, కూలబడి ఏడుద్దామనిపించింది. ఏదీ చెయ్యలేదు.

"ఎడమ పక్కకు మార్చుకో," అన్నాను. "అది అటు తిరిగితేనే నిద్రపోతుంది."

"తెలుసక్కా," అంది.

పాలిచ్చినందుకు కూడా కాదు, ఆ తెలుసు అన్నదానికి నా కడుపు కాలింది. ఇప్పటికీ కాలుతుంది.

వానలు వెలిశాయి. చివరి తూకానికి రాజధాని నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు, వెంట ఫొటోలు తీసే అతను. వరండా కడిగించి కుర్చీలు వేశారు. పిచ్చుకను ఉయ్యాలలో వేస్తే కొక్కెం కిర్రుమంది. ఈసారి క్యూ అంతా నా కూతురి కోసం తలెత్తింది. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది.

"చూడండి, అందరికంటే బక్కపిల్ల. నీలం పట్టీ," అని ఆఫీసరుతో అంది. తరవాత పద్ధతి ప్రకారం నన్ను అడిగింది. "డబ్బా పిండి కాకుండా పాపకు ఇంకేమైనా పెట్టారా?"

మా అత్త నా కొంగు లాగింది. చిన్నది గుమ్మడిని చంకనేసుకుని పక్కనే ఉంది, నేనేం చెప్పినా దానికి సమ్మతమే అన్నట్టు నవ్వుతూ. దానికి పేరు అక్కర్లేదు, మెప్పు అక్కర్లేదు. నా కూతుర్ని బతికించి ఏమీ అక్కర్లేకుండా నిలబడి ఉంది. అలాంటి మనిషికి నలుగురికీ తెలియకుండా రుణపడి ఉండటం నా వల్ల కాలేదు.

"మా తోటికోడలు పాలిచ్చిందండీ," అన్నాను. "ఇంకొకటి. రెండు డబ్బాలూ మా ఇంట్లో ఒక్కదాంట్లోనే పోసుకున్నాం."

డాక్టరమ్మ నా వంక చూసింది. కోపంగా కాదు. కలం తీసి మా ఇద్దరు పిల్లల పేర్లూ కొట్టేసింది. తరవాత క్యూ పొడుగునా ఒక చూపు చూసింది. "ఇంకెన్ని ఇళ్లల్లో ఒక్క గిన్నేనో," అంది, తనలో తను. మేం వింటున్నామని కూడా మరిచిపోయింది పాపం. తరవాత ఎప్పుడో సీలు విప్పినప్పుడు తెలిసింది, నీలమే అసలు పిండట. వానాకాలమంతా నేను కుళ్లుకున్నది ఉత్త పిండి డబ్బాను చూసేనన్నమాట.

ఆ రోజు ఆఫీసరుకు ఇవేమీ పట్టలేదు. "ఆ పరీక్ష సంగతి మీరు చూసుకోండి డాక్టరుగారూ. పిండి ఎలాగూ పంచాలి, పైనుంచి ఆర్డరయిపోయింది. నాకు డబ్బా మీదికి బొమ్మ కావాలి. ఈ పిల్ల బాగుంది," అన్నాడు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పిచ్చుకను ఒళ్లో పెట్టారు. ఫొటో అతను నల్లగుడ్డలో తల దూర్చగానే పిల్ల బెదిరి గుక్కపట్టి ఏడ్చింది. జోకొట్టాను, ఊపాను, పాట పాడాను. అది నా భుజం మీదుగా చిన్నదాని కేసి చేతులు చాపింది.

"ముందు పిల్లను తల్లికి ఇవ్వండమ్మా," అన్నాడు ఫొటో అతను, గుడ్డలోంచి.

చిన్నది నా వంక చూసింది. నేను లేచి కుర్చీ ఇచ్చాను. పిల్లనూ ఇచ్చాను. గుమ్మడిని నేను ఎత్తుకున్నాను. పిచ్చుక ఏడుపు ఠక్కున ఆగింది. చిన్నది ఎప్పటిలాగే నవ్వింది.

ఏడాది తిరిగేసరికి కొత్త డబ్బాలు వచ్చాయి. ఎరుపూ నీలమూ లేవు, అన్నీ ఒకటే రకం. ముందువైపు తల్లి, ఒళ్లో బిడ్డ. ఆ పిండి తిని ఎక్కడెక్కడి పిల్లలో కోలుకున్నారని డాక్టరమ్మ ఒకసారి వచ్చినప్పుడు చెప్పింది. కోలుకోని ఇళ్లూ ఉన్నాయంది. మేం మాత్రం రోజుకు లారీలకు లారీలు నింపాం. మొదట్లో నేను బొమ్మ గోడవైపు ఉండేటట్టు పేర్చేదాన్ని. సూపర్‌వైజరు వచ్చి, "బొమ్మ ఇవతలికి ఉండాలమ్మా, అది రూలు," అన్నాడు. అప్పటి నుంచి ప్రతి డబ్బానూ తిప్పి, దాని నవ్వు మొహం నా వైపు పెట్టుకుని పేర్చాను. ఇంట్లో ఒక్క చిన్నది. కార్ఖానాలో గోడ పొడుగునా చిన్నదే.

పిచ్చుక బడికి వెళుతున్న రోజుల్లో డబ్బాల గదిలోకి కొత్తగా ఒక అమ్మాయి చేరింది. ఒక డబ్బా చేతిలోకి తీసుకుని మురిపెంగా చూసింది. "తల్లీబిడ్డా ఎంత ముద్దుగా ఉన్నారక్కా. ఎవరు వీళ్లు?"

"బిడ్డ నాది," అన్నాను.

ఆ అమ్మాయి డబ్బా వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూసింది. "భలేదానివే. ఆవిడ పోలికలు కొట్టొచ్చినట్టు కనబడుతుంటేనూ," అని నవ్వింది.

డబ్బా దాని చేతిలోంచి లాక్కున్నాను. పిండి నింపాను, తూచాను, మూత గట్టిగా నొక్కాను. గుడ్డ తీసి పిచ్చుక మొహం మీద పడ్డ పిండి తుడిచాను. చిన్నదాని మొహం మీదా పడింది. దాన్ని అలాగే వదిలేసి పేర్చేద్దామనుకున్నాను, పేర్చాను కూడా. వెనక్కి వచ్చి, డబ్బా మళ్లీ దించి, అది కూడా తుడిచాను.